జీతం లేని కెప్టెన్

ఉద్యోగ విరమణ చేసిన విశ్వాసి ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టుకోవడం మన సంఘాల్లో మామూలే. పాస్టరు గారు వాక్యం చెబుతారు. సంఘ పెద్దలు శాలువా కప్పుతారు. ప్రార్థన అయ్యాక అందరం భోంచేసి, ఇక హాయిగా విశ్రాంతి తీసుకోండని దీవించి వస్తాం. సైన్యంలోనో నౌకాదళంలోనో ఇరవై ఏళ్లు పనిచేసి వచ్చినవారైతే మరింత గౌరవం చూపిస్తాం. ఆ మరుసటి ఆదివారం నుంచి ఆయన బల్ల మీద కూర్చుని వాక్యం వింటాడు, కానుక వేస్తాడు, ఇంటికి వెళ్తాడు. ఆ చేతుల్లో ఇంకా మిగిలి ఉన్న పనితనాన్ని ఏం చేయాలో ఆయనకూ తోచదు, మనకూ తోచదు.

ఈ వారం మేము అలాంటి ఒక మనిషి జీవితాన్ని మీ ముందు పెట్టాలనుకున్నాం. ఆయన ప్రసంగీకుడు కాడు, అభిషేకం పొందిన సేవకుడూ కాడు. కుర్రతనంలో సైనికుడు, తరువాత నావికుడు. మన దక్షిణ భారతదేశపు నేలమీదే సంకెళ్లలో నలిగి, బతికి బయటపడి, డబ్బు సంపాదించి, చిన్న వయసులోనే విశ్రాంతి తీసుకున్నవాడు. ఆ విశ్రాంతిని విడిచి, పైసా జీతం లేకుండా ఒక ఓడను లోకం ఆ చివరకు నడిపినవాడు. ఆయన పేరు జేమ్స్ విల్సన్. ఆయన నడిపిన ఓడ పేరు డఫ్.

విల్సన్ 1760లో ఇంగ్లండులో పుట్టాడు. తండ్రి ఓడ కెప్టెన్. ఆ ఇంట్లో పుట్టిన పంతొమ్మిది మంది పిల్లల్లో జేమ్స్ అందరికంటే చిన్నవాడు. పిల్లవాడు సముద్రం మీదనే పెరిగాడనాలి. అమెరికా వలసలు ఇంగ్లండు మీద తిరగబడినప్పుడు కుర్రవాడైన విల్సన్ ఆ యుద్ధానికి వెళ్లాడు. 1775లో బంకర్ హిల్ పోరాటంలోను, ఆ మరుసటి ఏడు లాంగ్ ఐలండ్ పోరాటంలోను ఉన్నాడు. మన పిల్లలు పదో తరగతి పరీక్షలు రాసే వయసులో అతడు శవాల మధ్య నిలబడ్డాడు.

తరువాత భారతదేశానికి వచ్చాడు. అప్పుడు మైసూరు పాలకుడు హైదర్ అలీకి, ఈస్టిండియా కంపెనీకి మధ్య రెండవ యుద్ధం నడుస్తోంది. 1780లో హైదర్ సైన్యం కర్ణాటక ప్రాంతం మీద పడింది. రెండు సైన్యాల నడుమ పల్లెలు తగలబడ్డాయి, పంటలు పోయాయి, మద్రాసు చుట్టుపక్కల కరువు వచ్చింది. సముద్రంలో ఫ్రెంచివారి ఓడలు కాపు కాస్తున్నాయి. కంపెనీ సేనాపతి అయిర్ కూట్ సైన్యానికి తిండి, సామగ్రి చేరాలంటే ఆ ఓడల కన్నుగప్పి రావాలి. విల్సన్ ఆ పనికి దిగాడు. ఇందులో దేవుని సేవ ఏమీ లేదని మనం దాచుకోనక్కరలేదు. అతడు కంపెనీ మనిషి. ఆ కంపెనీ మన దేశానికి చేసిన అన్యాయం మనకు తెలియనిది కాదు. అతనికి కావలసింది సాహసం, దానితో వచ్చే సొమ్ము.

ఒక ప్రయాణంలో ఫ్రెంచివారు అతణ్ణి పట్టుకుని కడలూరుకు తీసుకువెళ్లారు. 1782లో ఫ్రెంచి నౌకాధిపతి సఫ్రెన్ తన బందీలను హైదర్ అలీకి అప్పగించాడు. అప్పగింత జరగబోతోందని విల్సన్ చెవిన పడింది. రాత్రివేళ కోట గోడ మీదనుంచి కిందికి దూకి పారిపోయాడు. దక్షిణంగా తరంగంబాడి చేరితే చాలు, అది డేనిష్ వారి పట్టణం, అక్కడ ఎవరూ తనను ముట్టుకోలేరని అతని ఆశ.

తరంగంబాడి అనగానే మన మనసుకు తోచేది వేరు. 1706లో జీగెన్‌బాల్గ్ అడుగుపెట్టి, భారతదేశంలో ప్రొటెస్టెంటు మిషను పనికి నాంది పలికిన ఊరు అది. విల్సన్ పరుగెత్తింది మాత్రం ఆ ఊళ్లో ఉన్న సువార్త కోసం కాదు, అక్కడ ఎగిరే జెండా కోసం.

దారిలో కొల్లిడం అడ్డం వచ్చింది. కావేరి పాయ అది, వెడల్పైన నది, నిండా మొసళ్లు. చీకట్లో దానిని ఈదేశాడు. ఆవలి గట్టున మాత్రం హైదర్ మనుషుల కంటపడ్డాడు. కొల్లిడం ఈది వచ్చానంటే వారు మొదట నమ్మలేదట. అందులో దిగినవాడు బతకడని వారికి తెలుసు. దేవుడే ఇతణ్ణి కాపాడి ఉండాలని ఆశ్చర్యపోయారని ఆయన జీవితచరిత్ర చెబుతుంది. గమనించండి, దేవుని హస్తాన్ని చూసింది పట్టుకున్నవారే. ఈదినవాడు చూడలేదు. అతనికి కనిపించింది తన భుజబలమే.

బట్టలు ఊడదీసి, చేతులు కట్టి వెనక్కు నడిపించారు. హైదర్ కొలువులో చేరితే విడిచిపెడతామన్నారు. ఒప్పుకోలేదు. మరో సైనికుడితో కలిపి సంకెల వేసి, ఎండలో, కాళ్లకు చెప్పులు లేకుండా శ్రీరంగపట్నం దాకా నడిపించారు. అక్కడి చెరసాలలో ఇరవై రెండు నెలలు గడిపాడు. తరువాతి రోజుల్లో పేరు పొందిన డేవిడ్ బెయిర్డ్ కూడా ఆ పట్టణంలోనే బందీగా ఉన్నాడు. గాయాలతో, జ్వరాలతో, విరేచనాలతో తోటివారు ఒక్కొక్కరే రాలిపోయారు. తెల్లవారేసరికి తనతో సంకెలలో ఉన్నవాడు శవమై ఉండేవాడు. ఆ శవాన్ని విప్పి, బతికున్న మరొకణ్ణి అదే సంకెలకు తగిలించేవారు. 1784లో సంధి కుదిరి విడుదలయ్యేటప్పటికి వారిలో కొద్దిమందే మిగిలారు. ఆ కొద్దిమందిలో విల్సన్ ఒకడు.

ప్రియ పాఠకులారా, ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. మన సాక్ష్యాల కూడికల్లో వినే వరుస మనకు బాగా అలవాటు. కష్టం వచ్చింది, మొరపెట్టాను, ప్రభువు విడిపించాడు, ఆ రోజే ఆయనను అంగీకరించాను. అలా జరిగినవారు మన మధ్య ఎందరో ఉన్నారు, దేవునికి స్తోత్రం. విల్సన్ కథ మాత్రం ఆ వరుసలో నడవలేదు. బంకర్ హిల్ తూటాలు అతణ్ణి మార్చలేదు. కొల్లిడం మొసళ్లు మార్చలేదు. శ్రీరంగపట్నం సంకెళ్లు మార్చలేదు. బతికి బయటపడిన ప్రతిసారీ అతనికి తన మీద నమ్మకం పెరిగిందే గాని దేవుని మీద కాదు. యోనా చేప కడుపులో ప్రార్థన చేశాడు. విల్సన్ ఇరవై రెండు నెలలు ఆ కడుపులో ఉండి కూడా ప్రార్థన చేయకుండానే బయటికి వచ్చాడు.

శ్రమ తనంతట తాను ఎవరినీ విశ్వాసిని చేయదు. ఇది మనం ఒప్పుకోవలసిన సంగతి. ఇంట్లో దెబ్బ తగిలిన మనిషి దగ్గరకు వెళ్లి, ఇప్పటికైనా నీకు బుద్ధి వచ్చిందా అన్నట్టు మాట్లాడే అలవాటు మనలో కొందరికి ఉంది. విల్సన్ జీవితం చదివాక ఆ మాట నోట రాదు.

విడుదలయ్యాక అతడు మళ్లీ ఓడలెక్కాడు, వ్యాపారం చేశాడు, బాగా గడించాడు. ముప్పై ఏళ్లు దాటిన కొద్దికాలానికే ఇక చాలనుకుని ఇంగ్లండుకు బయలుదేరాడు. అదే ఓడలో జాన్ థామస్ అనే వైద్యుడు ప్రయాణం చేస్తున్నాడు. బెంగాలులో సువార్త చెప్పి స్వదేశం వెళ్తున్నవాడు, 1793లో విలియం కేరీతో కలిసి తిరిగి బెంగాలుకు వచ్చినవాడు. ఓడలో ఈ ఇద్దరికీ మతం గురించి వాదాలు జరిగేవి. విల్సన్ దేనికీ లొంగలేదు. చివరకు విసిగిపోయిన థామస్, ఈ కెప్టెన్ కంటే ఓడలోని లస్కర్లు మారతారని ఆశపడటం నయమని ఓడ అధికారితో అన్నాడట. దైవజనుడే ఆశ వదులుకున్నాడన్నమాట.

విల్సన్ హాంప్‌షైర్‌లోని హార్న్‌డీన్‌లో ఇల్లు తీసుకుని స్థిరపడ్డాడు. తోట, పుస్తకాలు, స్నేహితులు, చేతినిండా డబ్బు. దేవుడు ఉంటే ఉండవచ్చు గాని మనుషుల సంగతి ఆయనకు పట్టదు, బైబిలు మనుషులు రాసుకున్నది అన్నది ఆనాటి చదువుకున్నవారిలో చాలామంది అభిప్రాయం. అతనిదీ అంతే. ఆ ఇంట్లో తోడబుట్టినవారి కూతురు ఒకతె ఉండేది. ఆమె భక్తిగల విశ్వాసి. అక్కడికి దగ్గరలోని పోర్ట్‌సీలో జాన్ గ్రిఫిన్ అనే యువ కాపరి ఉండేవాడు. ఆయనతో పరిచయం కలిసింది. గ్రిఫిన్ బెదిరించలేదు, తొందరపెట్టలేదు. బైబిలు ఎందుకు నమ్మదగినదో ఒక్కొక్క సంగతీ నిదానంగా వివరించాడు. విల్సన్ విన్నాడు. తరువాత గుడిలో కూర్చుని ప్రసంగాలు విన్నాడు. ఒక్క రాత్రిలో ఏమీ జరగలేదు. కొన్ని నెలలు పట్టింది. చెరసాల చేయలేని పనిని ఒక తోట, ఒక భక్తిగల అమ్మాయి, ఓపికగల ఒక కాపరి కలిసి చేశారు. సంకెళ్లలో ప్రార్థించని మనిషి సుఖంలో మోకరించాడు. పోర్ట్‌సీ సంఘంలో సభ్యుడయ్యాడు.

ఇక్కడితో ముగిసినా అది మంచి సాక్ష్యమే. అయితే అతడు సంఘంలో తన బల్ల వెతుక్కుని కూర్చోలేదు. 1795 సెప్టెంబరులో లండనులో వేర్వేరు శాఖల విశ్వాసులు కలిసి ఒక మిషనరీ సొసైటీ స్థాపించారు. దానినే తరువాత లండన్ మిషనరీ సొసైటీ అన్నారు. మొదటి పనిగా పసిఫిక్ మహాసముద్రంలోని తహితి మొదలైన ద్వీపాలకు సువార్త పంపాలని వారు నిర్ణయించారు. మనుషులు దొరికారు, చందాలు వచ్చాయి. ఓడను అంత దూరం నడిపేదెవరు? ఆ సంగతి పత్రికలో చదివిన విల్సన్ తాను నడుపుతానని ముందుకొచ్చాడు. జీతం వద్దన్నాడు. తనకు ప్రసంగించడం రాదు. రాకపోతేనేం, ఓడ నడపడం వచ్చు. ప్రభువుకు ఇవ్వడానికి తన దగ్గర ఉన్నది అదే.

సొసైటీ డఫ్ అనే ఓడను కొన్నది. అందులో వెళ్లడానికి ఎంపికైన 30 మందిలో నలుగురే అభిషేకం పొందిన సేవకులు. మిగిలినవారు వడ్రంగులు, దర్జీలు, చెప్పులు కుట్టేవారు, నేతపనివారు, తాపీపనివారు. ఆరుగురు స్త్రీలు, ముగ్గురు పిల్లలు కూడా ఉన్నారు. విల్సన్ అన్న కొడుకు విలియం ఓడకు ముఖ్య సహాయకుడు. 1796 ఆగస్టు 10న డఫ్ థేమ్స్ నది నుంచి బయలుదేరింది. స్తంభం మీద ఊదారంగు జెండా, దానిపై ఒలీవ కొమ్మలు పట్టుకున్న మూడు తెల్లని పావురాలు. నోవహు ఓడ జ్ఞాపకం వస్తుంది కదా. ఒకప్పుడు యుద్ధానికి సరుకు మోసిన చేతులే ఇప్పుడు ఆ జెండా కింద చుక్కాని పట్టాయి.

అది ఫ్రాన్సుతో యుద్ధం నడుస్తున్న కాలం. కాపలా ఓడల కోసం తీరంలోనే నెలకు పైగా ఆగవలసి వచ్చింది. నవంబరులో బ్రెజిల్‌లోని రియో డి జనీరో చేరారు. అక్కడ నుంచి దక్షిణ అమెరికా చివరన ఉన్న హార్న్ అగ్రం చుట్టి పోవాలి. అక్కడ గాలులు ఎదురుతిరిగాయి. సాహసం కోసం ఓడలెక్కిన పాత విల్సన్ అయితే మొండిగా దూరేవాడేమో. ఇప్పుడు అతని చేతిలో ఆడవారు, పిల్లలు ఉన్నారు. ఓడను వెనక్కు తిప్పాడు. తూర్పుగా, ఆఫ్రికా కిందుగా, ఆస్ట్రేలియా కిందుగా భూమిని దాదాపు చుట్టి వెళ్లే దారి పట్టాడు. సుమారు మూడు నెలలు నీళ్లు తప్ప మరేమీ కనిపించని ప్రయాణం అది.

1797 మార్చి 5న, ఆదివారం, డఫ్ తహితి తీరానికి వచ్చింది. ద్వీపవాసులు పడవల్లో గుంపులుగా వచ్చి ఓడెక్కారు. సరుకులు మార్చుకుందామన్నారు. ఇది మాకు ఆరాధన దినం, ఈ రోజు బేరాలు లేవని సైగలతో చెప్పి, ఓడ బల్లల మీదనే ఆరాధన జరిపారు. అంతకుముందు వచ్చిన ఓడలవారు ఇలా చేయలేదని వారు విడ్డూరంగా చూశారు. కొద్ది రోజులకు మతవాయి ప్రాంతాన్ని మిషనరీలు ఉండటానికి ఇస్తున్నామని అక్కడి పెద్దలు ఒక సభ జరిపారు. ఇచ్చినవారి దృష్టిలో అది అతిథులకు ఇచ్చిన చోటు, పుచ్చుకున్నవారి దృష్టిలో అది తమ సొత్తు. అర్థాలు కలవలేదు. మిషను చరిత్రలో ఇలాంటి పొరపాట్లు చాలా ఉన్నాయి. వాటిని చెప్పుకోవడం వల్ల సువార్తకు అవమానం రాదు, దాచడం వల్లనే వస్తుంది.

అక్కడ నుంచి విల్సన్ టోంగాలో పదిమందిని దింపాడు. మార్కెసాస్ ద్వీపాల్లో ఇద్దరు దిగవలసింది. ఒకరు భయపడి ఓడకు తిరిగి వచ్చేశారు. క్రూక్ అనే యువకుడు ఒంటరిగానే ఉంటానన్నాడు, ఉన్నాడు. దారిలో పటాల్లో లేని ద్వీపాలను విల్సన్ గుర్తించి రాసుకున్నాడు. ఫిజీ దగ్గర ఒక రాత్రి ఓడ పగడపు దిబ్బను కొట్టుకుంది, దేవుని కృపవల్ల పెద్ద నష్టం లేకుండా బయటపడింది. సాలమన్ ద్వీపాల్లో ఒక గుంపుకు ఈనాటికీ ఆ ఓడ పేరే ఉంది. తరువాత చైనా వెళ్లి ఈస్టిండియా కంపెనీ తేయాకు ఎక్కించుకున్నాడు. ఆ కిరాయి సొసైటీ ఖర్చులో కొంత తీర్చింది. 1798 జులైలో లండను చేరాడు.

ఇంగ్లండులో స్తోత్రాలు మిన్నుముట్టాయి. కానీ ఆ స్తోత్రాలు జరుగుతున్నప్పుడే అక్కడ పని చెల్లాచెదురవుతోందని ఎవరికీ తెలియదు. 1798 మార్చిలోనే తహితి నుంచి పదకొండు మంది భయపడి సిడ్నీకి వెళ్లిపోయారు. 1799లో టోంగాలో అంతర్యుద్ధం వచ్చి ముగ్గురు మిషనరీలు చంపబడ్డారు. మరో కెప్టెన్ చేతికింద రెండోసారి బయలుదేరిన డఫ్ ఓడను ఆ ఏడే ఫ్రెంచివారు పట్టుకున్నారు. మరోవైపు ఐరోపా ఓడలు తెచ్చిన రోగాలతో ద్వీపాల జనం వేలల్లో చనిపోతూనే ఉన్నారు. ఏళ్లు గడిచినా ఒక్క బాప్తిస్మం లేదు. చందాలిచ్చినవారు గుసగుసలాడారు.

విల్సన్ మరుసటి ప్రయాణాలకు వెళ్లలేదు. వివాహం చేసుకుని లండను దగ్గర స్థిరపడ్డాడు. 1814లో ప్రభువునందు నిద్రించాడు. తహితి రాజు రెండవ పొమారే బాప్తిస్మం పొందింది 1819లో. డఫ్ ఓడలో వెళ్లిన తాపీపనివాడు హెన్రీ నాట్ తహితి భాషలో బైబిలు అనువాదం ముగించింది 1835లో. ఆ రెండూ విల్సన్ చూడలేదు. ఓడ నడిపినవానికి పంట కంటబడలేదు. నేడు ఫ్రెంచ్ పాలినీషియాలో మార్చి 5 సెలవు దినం. సువార్త వచ్చిన రోజుగా ఆ ద్వీపాలు దానిని జ్ఞాపకం చేసుకుంటాయి.

మనకూ ఈ కథతో బంధుత్వం ఉంది. డఫ్ ఓడను పంపిన ఆ సొసైటీయే 1805లో జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ అనే ఇద్దరిని విశాఖపట్నానికి పంపింది. ఆనందరాయరు సాయంతో వారు సువార్తలను తెలుగులోకి తెచ్చారు. క్రాన్ 1809లో, డెస్ గ్రాంజెస్ 1810లో చనిపోయారు. 1812లో శ్రీరాంపురంలో ఆ సువార్తలు అచ్చయ్యేటప్పటికి ఇద్దరూ లేరు. వారూ పంట చూడనివారే. మన చేతిలోని తెలుగు బైబిలు వెనుక అలాంటివారి వరుస ఉంది.

ఇక మన సంగతి. జాన్ థామస్ ఆశ వదులుకున్న మనిషినే దేవుడు ఏరుకున్నాడు. మన ఇంట్లో, మన వీధిలో ఇక వీడు మారడని మనం తేల్చేసిన పేరు ఒకటి ఉంటుంది. ఆ పేరును మళ్లీ ప్రార్థనలోకి తెద్దాం. బెదిరింపుతో కాదు, గ్రిఫిన్ ఓపికతో.

ఉద్యోగం ముగించిన పెద్దలారా, మీకు పాట రాకపోవచ్చు, ప్రసంగం రాకపోవచ్చు. సైన్యంలో బండి నడిపినవారికి రోగిని ఆసుపత్రికి చేర్చడం వచ్చు. నర్సుగా చేసినవారికి పల్లెలో రక్తపోటు చూడటం వచ్చు. లెక్కలు చూసినవారికి సంఘం లెక్కలు నమ్మకంగా రాయడం వచ్చు. మీకు వచ్చిన పని ఏదో పాస్టరు గారితో చెప్పండి. పాస్టరు గారూ, వారి కోసం బల్ల మాత్రమే కాదు, పని కూడా వెతకండి. మనం మోసుకెళ్లేది ఎక్కడ మొలుస్తుందో చూసే భాగ్యం మనకు దొరకకపోవచ్చు. దొరకకపోయినా ఓడ బయలుదేరాలి.